ఇల్లూ వీధీ: కొండ కింది కాలనీల ఉత్తరాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొండ వారన ఇళ్లు కట్టుకున్నవాళ్లవి. కడప చుట్టుపక్కల పాలకొండల పాదాల దాకా ప్లాట్లు పడ్డాయి, గాలీ చూపూ బాగుంటాయని జనం వెళ్తున్నారు. అక్కడి కష్టాలు ఊరి నడుమ కాలనీల కష్టాల్లాంటివి కావు. కింది జవాబులు సివిల్ పనులు, కరెంటు, పాముకాటు వైద్యం తెలిసినవాళ్లు కూర్చుని రాసినవి.

మా కాలనీ పాలకొండల కిందే ఉంది. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు రాతి కాలువ ఉంది. అయినా గట్టి వాన పడితే మూడో వీధి నుంచి నీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయి. కాలువ పెద్దది చేయమని కొందరు, చాలునని కొందరు అంటున్నారు. ఏది నిజం? (కడప)

కాలువ సైజు గురించి తగువు పడే ముందు మీ నెత్తిన ఎన్ని ఎకరాల కొండ ఉందో తెలుసుకోండి. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే ఒక ఎకరం మీద రెండు లక్షల లీటర్లు కురిసినట్టు. రాతి కొండ కాబట్టి అందులో అరవై శాతం కిందికి దిగుతుందని లెక్క పెట్టుకోండి. అంటే ఎకరానికి సెకనుకు 34 లీటర్లు.

మీరు చెప్పిన కాలువ వందకు ఒకటి వాలుతో, శుభ్రంగా, పైన నాలుగంగుళాలు ఖాళీ ఉంచి పారితే సెకనుకు దాదాపు 310 లీటర్లు మోస్తుంది. తొమ్మిది ఎకరాల కొండ నీళ్లకు సరిపోతుందన్నమాట. అదే కాలువలో ఏడంగుళాల ఒండ్రు పేరుకుంటే సగం నీళ్లు పోతాయనుకుంటాం. పోవు. నీళ్లు పారే లోతు తగ్గితే వేగం కూడా తగ్గుతుంది కాబట్టి 120 లీటర్లకు పడిపోతుంది. తొమ్మిది ఎకరాల కాలువ మూడున్నర ఎకరాల కాలువైపోతుంది. ముందు పూడిక తీసి, ఒక వాన చూసి, ఆ తర్వాత సైజు సంగతి మాట్లాడుకోండి.

నీళ్లు మూడో వీధి దగ్గరే ఎందుకు పొంగుతున్నాయో చూడాలి. మా అనుమానం కారు ర్యాంపుల మీద. ఇంటి ముందు కాలువలో ఒకడుగు సిమెంటు పైపు పెట్టి పైన కాంక్రీటు పోస్తారు. అదే వాలులో ఒకడుగు పైపు నిండుగా పారినా సెకనుకు వంద లీటర్లు దాటదు. ఆ ఒక్క ఇంటి దగ్గర కాలువ మూడో వంతు అయిపోతుంది. పైగా కొండ నుంచి వచ్చిన కంప, ప్లాస్టిక్ సంచులు పైపు నోట్లో ఇరుక్కుంటే అదీ పోదు. నీళ్లు పొంగేది ర్యాంపు వేసినాయన ఇంట్లోకి కాదు, పల్లంలో ఉన్న నాలుగో ఇంట్లోకి. అందుకే ఇది ఆ ఇంటాయన సొంత విషయమని వదిలేయకూడదు. పైపు తీయించి కాలువ మీద పలకలు పరచాలి. నడిచేచోట రెండంగుళాల కడప బండ చాలు, అటూ ఇటూ మూడంగుళాలు గోడ మీద కూర్చోవాలి. రెండున్నర అడుగులకు రెండడుగుల బండ అరవై కిలోలు తూగుతుంది, ఇద్దరు గునపాలతో లేపి పూడిక తీసుకోవచ్చు. కారు ఎక్కేచోట మాత్రం కడప బండ వద్దు. ఎంత మందమున్నా చక్రం బరువుకు నడిమిలో ఉన్నట్టుండి విరుగుతుంది. అక్కడ ఐదంగుళాల ఆర్‌సీసీ పలకలు అడుగున్నర వెడల్పు ముక్కలుగా, లేపడానికి కొక్కేలు పెట్టి పోయించండి. ఒక్కోటి వంద కిలోల పైనే ఉంటుంది కాబట్టి నలుగురు కావాలి.

కొండ నీళ్లు కాలనీ కాలువలో కలిసేచోట ఒండ్రు గుంత లేకపోతే ఏం చేసినా ఏడాదికి రెండుసార్లు పూడుతుంది. నాలుగడుగులకు నాలుగడుగులు, మూడున్నర అడుగుల లోతు గుంత కట్టి, అడుగు భాగం కాలువ అడుగు కన్నా కనీసం రెండడుగులు కిందికి ఉంచండి. రాళ్లూ ఇసుకా అక్కడ దిగిపోతాయి. దాని ముందు ఇనుప కడ్డీల జల్లెడ పెట్టాలి, కడ్డీకి కడ్డీకి మధ్య నాలుగైదంగుళాలు. జల్లెడను నిట్టనిలువుగా నిలబెడితే ఆకులు అతుక్కుని పది నిమిషాల్లో గోడైపోతుంది. నీళ్లు వచ్చే వైపు నుంచి పైకి ఏటవాలుగా పెడితే చెత్త పైకి ఎక్కి కూర్చుంటుంది, కింద నీళ్లు పోతుంటాయి.

కొండ పక్కన అడ్డంగా కాలువ తవ్వి నీళ్లు మళ్లిద్దామని కూడా రాశారు. మంచి ఆలోచనే, రెండు షరతులున్నాయి. ఆ నేల రిజర్వు ఫారెస్టు అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా పార పెట్టడానికి లేదు. రెండోది, మళ్లించిన నీళ్లు సహజమైన వంకలోనే కలవాలి, పక్క కాలనీ మీదికి కాదు. మీ వంక అసలు వెడల్పు ఎంతో ఎఫ్‌ఎంబీలో (సర్వే కొలతల పుస్తకంలో) ఉంటుంది. సర్వేయరుతో కొలిపించి వంక పోరంబోకు హద్దురాళ్లు పాతించండి. వంకలు బక్కచిక్కితే ఏమవుతుందో కడపకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2001లోనూ, మళ్లీ 2020 నవంబరులో నివర్ తుపానప్పుడూ బుగ్గవంక పొంగి వీధుల్లోకి వచ్చింది.

పూడిక ఎప్పుడు తీయాలన్నది చాలామంది తప్పు చేసేచోటు. జూన్‌కు ముందు ఒకసారి తీసి ఊరుకుంటారు. మనకు గట్టి దెబ్బ తగిలేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు, నవంబరు తుపాన్లలో. జూన్ నుంచి పడిన వానలకు కొట్టుకొచ్చిన ఒండ్రు అప్పటికి మళ్లీ చేరి ఉంటుంది. సెప్టెంబరు మధ్యలో రెండోసారి తీయాల్సిందే. మూడు వందల మీటర్ల కాలువలో ఏడంగుళాల పూడిక అంటే వంద ఘనపుటడుగుల ట్రాక్టరుకు పదకొండు పన్నెండు ట్రిప్పులు. తీసిన మట్టిని గట్టు మీదే కుప్ప పోస్తే మొదటి వానకే తిరిగి కాలువలో ఉంటుంది. ట్రాక్టరు దొరకని రోజు పూడిక మొదలుపెట్టకండి.

మా పెరటి వెనక ప్లాటు మాకన్నా ఆరడుగులు మెరక. వాళ్లు మట్టి పోసి చదును చేశారు. మధ్యలో ఉన్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ మా వైపు ఉబ్బింది, అడ్డంగా పగులు వచ్చింది. సిమెంటు పూస్తే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. (కడప)

సరిపోదమ్మా. ఆ గోడ కింద బట్టలారేయడం, పిల్లలు ఆడుకోవడం ఈ రోజు నుంచే ఆపండి.

ప్రహరీ గోడ కట్టేది హద్దు కోసం, మట్టిని ఆపడానికి కాదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మీద రెండడుగులకు మించి మట్టి ఆనించకూడదు. ఆరడుగుల మట్టి పొడిగా ఉన్నప్పుడే గోడ ప్రతి మీటరు పొడవునూ సుమారు వెయ్యి కిలోల బలంతో తోస్తుంది. వాన నీళ్లు బయటికి పోయే దారి లేక వెనక నిలిస్తే ఆ తోపు 2,200 కిలోలవుతుంది. గోడలు ఎండాకాలమంతా నిలబడి నవంబరు రాత్రి కూలేది ఇందుకే. మట్టి బరువును తట్టుకున్న గోడ నీళ్ల బరువును తట్టుకోలేదు.

మీరు ఇప్పటికిప్పుడు చేయగలిగింది బరువు తగ్గించడం. పై ప్లాటు వారితో మాట్లాడి గోడ వెంబడి మూడడుగుల వెడల్పున, మూడడుగుల లోతున మట్టి పై నుంచి తీయించండి. ఇటుకలు, ఇసుక, నీళ్ల ట్యాంకు గోడ దగ్గర ఉంటే జరపమనండి. పైన పడే వాన గోడ వైపు రాకుండా నేల వాలు గోడకు దూరంగా తిప్పాలి. మీ వైపు గోడ మొదట్లో మాత్రం తవ్వకండి, పూలకుండీ పాదు కోసమైనా సరే. గోడ పాదం ముందున్న మట్టే దాన్ని జారకుండా పట్టి ఉంచుతోంది. పగులు మీద మూడు చోట్ల సన్నని గాజు ముక్కలు సిమెంటుతో అంటించి తేదీ రాయండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. అప్పుడు మరో వానకు ఎదురుచూడకుండా పై నుంచి ఇటుకలు విప్పించేయాలి.

కొత్తగా కట్టేది రాతి గోడ కావాలి. ఆరడుగుల ఎత్తుకు అడుగున మూడడుగుల మందం, పైకి పోయేకొద్దీ తగ్గి అడుగున్నర. పునాది మెత్తటి పోత మట్టిలో ఆగకుండా గట్టి మొరం దాకా దిగాలి. సిమెంటు ఒక బస్తాకు ఇసుక ఏడున్నర ఘనపుటడుగులు. రెండు వైపులా నున్నటి రాళ్లు పేర్చి నడుమ చిల్లరరాళ్లు పోసి మూసేస్తే గోడ లోపల రెండు గోడలవుతుంది, కొన్నేళ్లకు విడిపోతుంది. వీలైనంత మందం లోపలికి పట్టే పొడుగు రాళ్లను ప్రతి ఐదడుగులకు ఒకటి చొప్పున అడ్డంగా పెట్టించండి. ఇది మేస్త్రీ పక్కన నిలబడి చూడాల్సిన పని, తర్వాత కనపడదు.

నీళ్లు పోవడానికి మూడంగుళాల పీవీసీ పైపులు ఐదడుగులకొకటి, మీ నేలకు ఒకడుగు పైన మొదటి వరస, దానికి మూడడుగుల పైన మధ్యమధ్యలో వచ్చేలా రెండో వరస. పైపు మీ వైపుకు కాస్త వాలాలి. వెనక అడుగు మందాన కంకర నిలువునా నింపాలి, పైపు నోటికి జాలీ చుట్టాలి. కంకర లేకుండా పైపులు పెడితే రెండు వానలకు మట్టితో మూసుకుపోతాయి. కంకర పైన చివరి ఒక అడుగు మాత్రం బంకమట్టి తొక్కించాలి, లేకపోతే పై నీళ్లన్నీ మనమే దారి చూపి గోడ వెనక్కి పంపినట్టవుతుంది. ఖర్చు సంగతి: మట్టి పోసి ఎత్తు పెంచినవారిదే ఆ మట్టిని ఆపే బాధ్యత. ఈ మాట గోడ కూలాక కన్నా ముందే, ఫొటోలతో రాతపూర్వకంగా చెప్పడం మంచిది.

ఫిబ్రవరి, మార్చిలో కాలనీ అంచున ఎండుగడ్డి తగలబెడుతున్నాం, పాములు రావని, మంటలు ఇళ్ల దాకా రావని. ఇది సరైన పద్ధతేనా? (ఒంటిమిట్ట)

కాదు. కొండ వైపు నిప్పు పెడితే అది మీ చేతిలో ఉండదు. మంట వాలు పైకి ఎక్కేటప్పుడు ప్రతి పది డిగ్రీల వాలుకూ దాదాపు రెండింతల వేగం అందుకుంటుంది. పైనున్నది ఎర్రచందనం పెరిగే అడవి. అక్కడ నిప్పంటితే నేరం కూడా. రాత్రయ్యాక కొండ గాలి కిందికి తిరుగుతుంది, పొద్దున ఆరిందనుకున్న మొద్దుల నిప్పు మళ్లీ ఇళ్ల వైపు వస్తుంది.

కాల్చకుండా కోయండి. బోదగడ్డి పూర్తిగా ఎండకముందే, డిసెంబరు, జనవరిలో, మంచు తడి ఉన్న ఉదయం పూట. ఇళ్ల ప్రహరీ నుంచి ముప్పై అడుగుల మేర, మీ కాలనీ హద్దులోనే, నాలుగంగుళాలకు మించకుండా ఉంచితే చాలు. గొడ్లున్నవారిని పిలిస్తే పచ్చిగా ఉన్నప్పుడు వాళ్లే కోసుకుపోతారు. ఏప్రిల్‌లో బ్రష్ కట్టరుకు ఇనుప బ్లేడు వేసి కోయించడం ప్రమాదం. మన కొండ రాయి పలుగురాయి లాంటి గట్టి రాయి, బ్లేడు తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. కోయక తప్పకపోతే నైలాన్ తీగ వాడండి, పక్కన నీళ్లున్న స్ప్రేయరు ఉంచండి.

గడ్డి మంటకు పొలంలో మందు కొట్టే 16 లీటర్ల స్ప్రేయరంత పనికొచ్చేది లేదు. బకెట్టు నీళ్లు ఒకచోట పడి వృథా అవుతాయి, స్ప్రేయరు మంట అంచు వెంట పోతుంది. వీధికి నాలుగైనా, నింపుకోవడానికి రెండు వందల లీటర్ల డ్రమ్ములతో సహా ఉంచండి. కాలిపోయిన వైపు నుంచి, పక్కల నుంచి ఆర్పుతూ రావాలి. మంటకు ఎదురుగా, వాలు పైన ఎవరూ నిలబడకూడదు. 101కి ఫోను ముందు చేసి, ఆర్పడం తర్వాత మొదలుపెట్టండి.

ఇంటి చుట్టూ వెల్లుల్లి నీళ్లు, ఫినాయిల్, గంధకం చల్లుతున్నాం. అయినా పాములు కనిపిస్తున్నాయి. (కడప)

ఇవేవీ పామును ఆపవు. పాము వచ్చేది ఎలుక కోసం, కప్ప కోసం, చల్లటి సందు కోసం. ఇల్లు కట్టగా మిగిలిన రాళ్లు, ఇటుకలు, కట్టెలు గోడకు ఆనించి పేర్చి ఉంటే అది పాముకు ఇల్లు కట్టి ఇచ్చినట్టే. వాటిని తీసేయండి, లేదా గోడకు దూరంగా, నేల నుంచి అడుగెత్తున దిమ్మెల మీద పెట్టండి. కోళ్ల గింజలు, కుక్క తినగా మిగిలిన అన్నం రాత్రి బయట ఉంచకండి. మిగిలిన కూటికి కుక్కలు, కుక్కలకు చిరుతలు దిగుతాయి కాబట్టి అది ఇంకో రకంగా కూడా మంచిది. స్నానాల గది తూముకు జాలీ, తలుపు కింద అరంగుళం సందుకు రబ్బరు పట్టీ వేయండి. కొమ్మ ఏదీ కిటికీకి, డాబాకు తగలకూడదు.

మన దగ్గర మనుషుల ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. వీటిలో కట్లపాము సంగతి విడిగా చెప్పాలి. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాటు కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలైతే అజీర్ణం అనుకోకండి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవడం దీనికి మేలైన కాపు.

కరిస్తే నడిపించకండి. కాలికి పొడుగు కర్ర వదులుగా కట్టి కదలకుండా చేయండి. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు వెంటనే తీయండి, వాపు వచ్చాక రావు. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. 108కి ఫోను చేసి కడప రిమ్స్‌కు, లేదా దగ్గర్లో పాము విషానికి విరుగుడు మందు ఉన్న సర్కారు ఆసుపత్రికి పోండి. మందు నాలుగు పాములకూ ఒకటే కాబట్టి పామును పట్టుకు రానక్కర్లేదు, దాని వెంటపడి రెండో మనిషి కాటు తింటాడు. కరిచిన సమయం మాత్రం గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పండి. రక్తం గడ్డ కడుతుందో లేదో ఇరవై నిమిషాల పరీక్ష చేస్తారు. అది బాగున్నా, బాధ లేకున్నా 24 గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి.

మా వీధి చివర ఖాళీ ప్లాటులో ఎండిపోయిన బోరు ఉంది. పైన గోనెసంచి, రాయి పెట్టారు. ఓనరు బెంగళూరులో ఉంటారు. (అనంతపురం)

గోనెసంచి ఉన్న బోరు తెరిచి ఉన్న బోరు కన్నా ప్రమాదం, పిల్లలకు అక్కడ గుంత ఉందని తెలియదు. ఓనరుకు ఈ రోజే ఫోను, ఆపైన వాట్సాప్‌లో ఫొటో, సచివాలయంలో రాతపూర్వక ఫిర్యాదు, మూడూ చేయండి. ఆయన వచ్చేదాకా ఆగకుండా కేసింగు మీద ఇనుప పళ్లెం వెల్డింగు చేయించండి. చిన్న పని, గంటలో అవుతుంది. కేసింగు పీకేసి ఉంటే బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా ఇసుక, గులకరాళ్లు, బంకమట్టితో నింపాల్సిందే. కొంచెం కొంచెంగా పోయాలి. ఒక్కసారి కుమ్మరిస్తే నడుమ ఇరుక్కుని పైకి నిండినట్టు కనపడుతుంది, వానకు దిగబడుతుంది. అందుకే ఒక వాన తర్వాత మళ్లీ చూసి పైన పోయాలి. వాడకంలో ఉన్న బోర్లకు కూడా 2010లో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ఉంది: కేసింగు చుట్టూ అర మీటరు చదరపు సిమెంటు దిమ్మె, నేల పైన 30 సెంటీమీటర్లు, కింద 30 సెంటీమీటర్లు. మోటారు రిపేరుకు పైకి తీసిన రోజు బోరు నోరు మూయకుండా మెకానిక్‌ను పంపించకండి.

వానలో మా గేటు ముట్టుకుంటే కరెంటు కొడుతోంది. ఎర్తు ఉందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. (కడప)

ఉండొచ్చు, పనిచేయకపోవచ్చు. కొండ వార నేల రాళ్లూ మొరమూ, ఎండాకాలంలో తేమ ఉండదు, ఆ నేలలోకి కరెంటు దిగదు. రెండున్నర మీటర్ల జీఐ పైపు పాతి బొగ్గు, ఉప్పు వేసిన గుంత అయినా వేసవిలో వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయకపోతే ఉత్త అలంకారమే. వైర్ల ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు కాదు, ఎర్త్ టెస్టరు తెమ్మని చెప్పి కొలిపించండి. ఐదు ఓములు దాటితే రెండో గుంత తవ్వి రెండింటినీ కలపాలి. దాంతో పాటు మెయిను దగ్గర 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే సరఫరా ఆపే స్విచ్చు) పెట్టించి, నెలకోసారి టెస్టు బటను నొక్కి చూడండి. గేటు లైటు వైరు, మోటారు వైరు గేటు ఇనుముకు ఎక్కడ రాసుకుంటోందో అక్కడే తప్పు దొరుకుతుంది. అది దొరికేదాకా ఆ లైను ఫ్యూజు తీసి ఉంచండి. వీధి స్తంభమో, దాన్ని పట్టి ఉంచే స్టే వైరో షాకు కొడుతుంటే మాత్రం మీ ఎలక్ట్రీషియన్‌ను చేయి పెట్టనివ్వకండి. 1912కు ఫోను చేసి, లైన్‌మన్ వచ్చేదాకా అక్కడ ఒక మనిషి నిలబడాలి.

పూడిక, లైట్లు, కంప కొట్టించడానికి డబ్బులడిగితే ఖాళీ ప్లాట్ల వాళ్లు, మెరక మీది ఇళ్ల వాళ్లు "మాకు నీళ్లు రావు కదా" అంటున్నారు. (కడప)

నీళ్లు వాళ్లకు రావు, వాళ్ల దగ్గర్నుంచి వస్తాయి. వాళ్ల డాబాల నీళ్లు, ప్లాటు మట్టి, కంప చెట్ల కొమ్మలు చేరేది కింది కాలువలోకే. అందుకే మునిగినవాళ్ల లెక్కన కాకుండా ప్లాటు లెక్కన వేయండి, ఇల్లు కట్టినా కట్టకున్నా ఒకటే. చేతిమాటగా ఉన్న సంఘానికి ఎవరూ జవాబు చెప్పరు. 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే రిజిస్టరు చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడపండి. వసూలు జూన్‌లోనే ముగించాలి, సెప్టెంబరులో జేసీబీ అడిగేటప్పుడు డబ్బు చేతిలో ఉండాలి. పనయ్యాక ఎన్ని మీటర్లు తీశారో, ఎన్ని ట్రిప్పులు తోలారో, ఎంత ఇచ్చారో, ముందూ వెనకా ఫొటోలతో కాలనీ గేటు దగ్గర అతికించండి. మొదటి ఏడు ఇవ్వనివాళ్లలో చాలామంది రెండో ఏడు ఇచ్చేది ఆ కాగితం చూసే. ఇవ్వనివారి ప్లాటు ముందు కాలువ మాత్రం వదిలేయకండి. అక్కడ ఆగిన నీళ్లు మీ ఇంటికే వస్తాయి.